నాలుగు గంటల మొహాలు

బల్లార్షాల ఎండ నాలుగైనా దిగదు.
పేపర్ మిల్లు వాసన గాలి లేకున్నా వస్తది.
దేవగడే కాక మందుల దుకాణంల నా కుర్చీ
ఫ్యానుకు దూరం, ఫ్రిజ్జుకు దగ్గర.
ఇన్సులిన్‌కు దొరికే సల్లదనంల నాక్కొంత.

మొదటి షిఫ్టు విడిచిందంటె
మెట్ల మీద ముందు బూట్ల చప్పుడు, ఎనక మొహాలు.
మొహం చూసి మందు చెప్పుడు డాక్టరు పని,
మొహం చూసి ధర చెప్పుడు నా పని.
ఈయనకు పది రూపాయల వేప సబ్బు.
ఆమెకు కలబంద జెల్లు, చిన్న ట్యూబు,
అది గూడ ఒకటో తారీకు నుంచి ఏడు దాంక.
ఎనిమిది నుంచి ఇంట్ల శనగపిండి.

కాలేజీ పిల్లలు వేరే.
నురగ రానిది కావాలంటరు,
ఫోన్ల చూపిస్తరు, ఆ పేరుకు నా నోరు తిరగదు.
"మూడు వందల యాభై, తాయీ" అంటె
అద్దాల అల్మారిని ఒక్కసారి చూసి
దూది ప్యాకెట్టు కొనుక్కొని పోతరు.
వాళ్లను ఆపి మెల్లగ చెప్త:
పొద్దుగాల ఉత్త నీళ్లు, రాత్రి ఒక్కసారి సబ్బు,
తడి ఆరకముందె ఏదన్న ఇంత రాయి,
మొటిమ గిల్లకు.
గిల్లకు అన్న మాటకు బిల్లు లేదు.

కింది సొరుగుల ఒక ట్యూబు ఉంటది.
దాన్ని పేరు పెట్టి అడగరు, వేలితోనె చూపిస్తరు.
వారంల తెల్లగ చేస్తది, అబద్ధం గాదు.
ఆర్నెల్లకు ఏం చేస్తదో
నా చెంపల మీద చదువుకోవచ్చు:
ఉల్లిపొర లెక్క తోలు, ఎర్రటి సన్న దారాలు,
రొట్టె కాల్చేటప్పుడు పొయ్యి కన్నా ముందు నేనె మండుత.
ఎందుకమ్మలేదని కాక అడుగుతడు.
అయిపోయిందంట.
ఆ సొరుగు తాళంచెవి నా చున్నీ కొసకుంటది.

దుర్గం ఓదెలన్న అందరు పోయెదాక
తలుపు పక్కన నిలవడ్డడు.
దగ్గు మందు అడిగిండు, ఇచ్చిన. పోలేదు.
నొప్పుల నూనె అడిగిండు, ఇచ్చిన. పోలేదు.
"ఇది పోయెటిది ఏదన్న ఉందా చెల్లె" అని
కింది రెప్పను వేలితో ఇంత గుంజి చూపిండు.
కంటి అంచు పొడుగున బొగ్గు,
దారం పెట్టి కొలిచి గీసినట్టు.
ఇరవై రెండేండ్ల గని.
"మనుమరాలికి మాటలొచ్చినయి.
తాతా, నీకు కాటుక ఎవరు పెట్టిండ్రు అంటది.
అననియ్యి, దాందేముంది.
నిన్న బొగ్గుముక్క దొరకవట్టుకొని
అది గూడ కంట్లె పెట్టుకోవోయింది."

అల్మారి మొత్తం చూసిన.
రెండు వందల ముప్పైకి నల్లటి ఫేస్‌వాషు ఒకటుంది,
బొగ్గు కలిపింది, లోతుగ శుభ్రం చేస్తదట.
చదివి వినిపించిన.
"పైసలిచ్చి రుద్దుకుంటరా?"
"రుద్దుకుంటరన్నా."
"మాకు గనిల ఊకెనె ఇస్తరు."
ఇద్దరం నవ్వినం, ఆయనకు దగ్గు వచ్చెదాక.

ఐదు రూపాయల కొబ్బరినూనె పొట్లం తీసిన.
చేతులు కడుక్కో ముందు. కండ్లు మూసుకో.
దూదిమీద రెండు చుక్కలు,
లోపలి మూల నుంచి బయటికి.
రుద్దొద్దన్నా, బతిలాడాలె.
సబ్బు ఆఖరికి.
నీళ్లకు కరగనిది నూనెకు కరుగుతదని
మా నాయినమ్మకు ఎప్పుడో తెలుసు,
ఫోన్ల పిల్లలకు ఈ ఏడే తెలిసింది.

సోమవారం మళ్ల వచ్చిండు.
ఎడమ కన్ను ఎవరిదో కొత్త మనిషిది.
కుడి కన్ను అట్లనె, గీత గీసినట్టు.
"మనుమరాలు తుడిచింది.
ఒక కన్ను అయినంక నిద్రపోయింది."

ఇంకో పొట్లం అడిగిండు, జేబుల చిల్లర లేదు.
ఉద్దెర పుస్తకంల రాసిన:
ఓదెలు, కుడి కన్ను, ఐదు రూపాయలు.