వలపట మైలెద్దు

ఒకతను ఉత్తరానికి ఎనిమిది కిలోమీటర్లు నడుస్తడు.
కుడికి తిరిగి ఇంకో ఆరు.
బయలుదేరిన చోటికి ఇప్పుడెంత దూరం?

పది, అంటది బుష్రా, పెన్ను మూత కూడ తియ్యకుండ.
నేనింకా ఆ మనిషి చెప్పులే చూస్తున్న.
ఎండల పోయిండా, నీళ్ల సీసా ఉన్నదా,
ఎవ్వరినీ అడగకుండ కుడికెట్ల తిరిగిండు,
ఒక్క కుక్కన్నా మొరగలేదా?

పాలమూరు న్యూటౌన్ల జిరాక్స్ షాపు మీద రేకుల గది.
ముప్పై రెండు కుర్చీలు, యాభై మందిమి.
సంజీవులు సారు బోర్డు మీద నిలువు గీసి, అడ్డం గీసి
"పైన ఉత్తరం. ఎన్నటికీ పైననే" అంటడు.
కిటికీలకెల్లి పైకి చూస్తే
వాటర్ ట్యాంకూ, దాని మీద ఒక కాకీ.

"పేపరు తిప్పొద్దు, మీరు తిరగండ్రి.
కుడి తెల్వకుంటే అన్నం తినే చెయ్యి చూస్కోండ్రి."
అందరూ చూస్కున్నరు.
నేను ఎడమచేత్తోటి తింట.
చిన్నప్పుడు అమ్మ గంటెతోటి మణికట్టు మీద ఎన్ని కొట్టినా
మారలేదు.
అందుకే నా మనిషి ఎప్పుడూ పడమటికి పోయి తప్పిపోతడు,
నాలుగు ఆప్షన్లల్ల ఎక్కడా లేని ఊళ్లె తేల్తడు.

ఒకనాడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు,
తాత నాగలి యాదికొచ్చింది.
దాపట కర్రెద్దు, వలపట మైలెద్దు.
మేడి వెనుక నిలబడితే
ఎడమకూ కుడికీ రంగులుండె, కొమ్ములుండె, ముక్కుతాళ్లుండె.
కర్రెద్దును దేవరకద్ర అంగట్ల అమ్మిన్రు.
జోడు పోయినంక మైలెద్దు మేత ముట్టలే.
అయినా కండ్లు మూసుకుంటే
అది వలపటనే నిలబడి నెమరేస్తది.

ఇప్పుడు నా మనిషిని మేడి వెనుక నిలబెట్టి నడిపిస్త.
మైలెద్దు దిక్కు తిరుగు, అంట. తిరుగుతడు.
ఆరు నడువు. నడుస్తడు.
పది, ఈశాన్యం, అన్న గట్టిగ.
బుష్రా నన్ను చూసి
పెన్ను మూత తీసింది.

"కనీస దూరమంటే ఏంది సార్?"
"అడ్డంగ పోతే వచ్చేది."
"అడ్డంగ ఎవరు పోనిస్తరు సార్?"

మా ఊరి నుంచి తారురోడ్డుకు
బుడ్డల చేన్ల నడుమ ఒక కాలిబాట ఉండె,
ఎవరూ వర్గమూలం కట్టకుండనే కాళ్లు గీసిన కర్ణం.
నిరుడు అక్కడ వెంచరు పడ్డది.
పచ్చ కమాను, సున్నమేసిన రాళ్లు, చుట్టూ కంచె.
ఇప్పుడు అమ్మ నెత్తిన వంకాయల గంపతోటి
కంచె పొంటి ఉత్తరానికి పోయి
కంచె పొంటనే తూర్పుకు తిరుగుతది.
పావుగంట బాట ఇరవై ఒక్క నిమిషమైంది.
"ఆరు నిమిషాలే గదమ్మా" అంటడట కమాను కాడి వాచ్‌మన్.
గంప కింద మెడ ఉన్నోళ్ల నిమిషం వేరే ఉంటది.

సారు కొంచెంసేపు డస్టర్ పట్టుకొని నిలబడ్డడు.
"పరీక్షల కంచె ఉండదు. రాస్కో" అన్నడు.

జడ్చర్ల సెంటర్ల, డెబ్బై మూడో ప్రశ్న:
పొద్దుపొడుపు వేళ నడుస్తున్న ఒకామె నీడ
ఆమెకు కుడివైపు పడింది. ఆమె ముఖం ఎటు?

హాలంతా సప్పుడు లేదు. కానీ చూడాలె,
బెంచీల మీద భుజాలు కొంచెం కొంచెం తిరుగుతున్నయి,
ఒకతను మోకాలి మీద వేలుతోటి సూర్యుణ్ని పెడుతున్నడు,
ఒకామె కూర్చున్నకాడనే కనపడని వీధి మలుపు తిరిగింది.
"ఎటు చూస్తున్నరు?" అన్నది ఇన్విజిలేటర్.
ఎవరి పేపరు ఎవరు చూస్తరు మేడం,
అందరం బాటల మీద ఉన్నం.

మైలెద్దు దిక్కు నీడ. అంటే దాపట పొద్దు.
దక్షిణం.
పోయేటప్పుడు అమ్మ ఉత్తరానికి గదా పోయేది.
అంటే ఈమె ఎవరో, అప్పుడే ఇంటికి మళ్లింది.

ఎడమచేత్తోటి గుండ్రం నల్లగ దిద్దిన.
ఆమె గంప ఖాళీ అయిందా లేదా
అడగలేదు ప్రశ్న.