యావత్తు, సున్న

నగరంపాలెంలో కోర్టు గోడకి ఎదురుగా నా కొట్టు:
రెండు కుర్చీలు, ఒక ప్రింటరు,
మేకుకి వేలాడే రేట్ల అట్ట. పేజీ ముప్పై.
షట్టరు ఎత్తేసరికే వచ్చి నిలబడ్డాడు కాశింసైదా,
తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని.
పక్కన మాబున్నీ, సంచిలో ఎక్స్‌రేతో.

"పిటిషనరు సవినయంగా మనవి చేసుకొనునదేమనగా"
అక్కడిదాకా నా వేళ్లు చూడకుండానే కొడతాయి.
ఈ ఊరి మనవులన్నీ పదకొండేళ్లుగా
ఇలాగే మొదలవుతున్నాయి.

వృత్తి?
క్లారినెట్. లాలాపేట బ్యాండులో, ఇరవై రెండేళ్లు.
నెలకి రాబడి?
మాఘంలో ఒకలా, మూఢంలో ఒకలా.
అలా రాయడానికి గడిలో చోటు లేదు.
రుజువు?
"ఎవరి పెళ్లి ఆల్బమైనా తియ్యమ్మా," అంది మాబున్నీ,
"ఓ మూల ఉంటాడు, బుగ్గలు ఉబ్బించుకుని."
జతపరచిన పత్రాల్లో
పరాయివాళ్ల ఆల్బములు లెక్కకు రావు.

జరిగింది ఇంతే.
బ్రాడీపేటలో ఊరేగింపు. రాత్రి పది దాటింది.
మళ్లీ అదే పాట అన్నారు, ఏడోసారి.
ఊపిరందట్లేదయ్యా, ఒక్క నిమిషం అన్నాడు.
ఆ నిమిషం ఇవ్వలేదు.
చేతిలోది లాక్కున్నారు,
దాంతోనే మూతి మీద.
నెత్తిన లైట్లు మోసే ఆడవాళ్లు
వైర్లు తెంచుకుని పరిగెత్తలేక నిలబడిపోయారు,
అందుకని అంతా స్పష్టంగా కనిపించింది.
డ్రమ్ములవాళ్లు కాసేపు ఆపలేదట. తెలీక.

పెద్దాసుపత్రి కాగితంలో
పైపళ్లు మూడు విరిగినవి: తీవ్ర గాయం.
కింది పెదవి తెగినది, నాలుగు కుట్లు: సాధారణం.
తువ్వాలు వెనకనించి అతను తిరగేసి చెబుతాడు.
పళ్లు కట్టించుకోవచ్చమ్మా.
రీడుని పట్టేది పెదవి.
నేను కొట్టాను: సాధారణం.

రాజీకి వచ్చాడట పెళ్లికొడుకు బాబాయి,
ఇరవై వేలూ ఒక స్వీట్ల డబ్బాతో.
మాబున్నీ మూత తీసి చూస్తే
వేరుశెనగ అచ్చులు.
నవ్వొచ్చిందట ఆమెకి.
నవ్వాక ఇంక తీసుకోబుద్ధి కాలేదట.

"జరిగిన యావత్తు నష్టమునకు"
అని రాశారు ప్లీడరు గారు చిత్తులో.
అందులో నొప్పికీ బాధకీ లైనున్నర.
డబుల్ స్పేసింగ్ ఇచ్చాను.
పేజీ నిండితే నాకు ముప్పై.
నిండకపోతే ఆ తెల్లకాగితం చూసి
నొప్పి చిన్నదే అనుకుంటారేమోనని కూడా.
రెండూ నిజమే.

క్లారినెట్ కోర్టు ప్రాపర్టీ గదిలో ఉంది,
మెడలో అట్టముక్క, ఎం.ఓ. ఒకటి.
సాక్ష్యం రోజున గుర్తుపట్టమని చేతికిచ్చారు.
చేతులు వాటంతటవే పైకి లేచాయి.
"నోట్లో పెట్టకూడదయ్యా," అన్నాడు అటెండరు,
"అది సాక్ష్యం."
మీటల సందున ఎండిన మరక
తువ్వాలుతో తుడవబోతే
అదీ కూడదన్నారు.

ఆఖరి పేజీ చదివి వినిపించాను.
"తదుపరి వాయిద్యం పదిహేడో తేదీ..."
ఆగాను.
వాయిదా అని కొట్టాలి.
ఒక యావత్తు పడింది, ఒక సున్న.
వేళ్లు చూడకుండా కొట్టినందుకు.

దిద్దుతానుండండి అన్నాను.
కాశింసైదా తువ్వాలు తీశాడు, మొదటిసారి.
ఆ ఖాళీలోంచి గాలి సన్నగా ఈల వేసింది.
నవ్వే కాబోలు. ఏ శ్రుతో నాకు తెలీదు.
"ఉంచండమ్మా," అన్నాడు, "పదిహేడుకి వస్తాగా."

దిద్దాను. ప్లీడరు గారు ఒప్పుకోరు.
మూడు పేజీలు, తొంభై.
మాబున్నీ పది రూపాయల నోట్లు
ఒక్కోటీ విదిలించి లెక్కపెట్టింది.
తప్పుపోయిన కాగితానికి డబ్బు తీసుకోలేదు.
బుట్టలో పడేయబోతుంటే చెయ్యి చాచాడు,
నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.