వంకాయరంగు పరదాలు

ఆ బండికి పరదాలు కుట్టింది నేనే.
వంకాయరంగు వెల్వెట్, పదకొండు గజాలు.
కొలతలకని లోపలికి పాకితే
నేలమీది రోలర్లు మోకాళ్ల కింద కదిలాయి.
"జాగ్రత్త, బయటికి తోసేస్తుంది," అన్నాడు ఆర్లిస్.
"ప్రాణమున్నవాళ్లు దానికి అలవాటు లేదు."

డెబ్భై రెండో మోడల్ కాడిలాక్.
కోళ్లు గుడ్లు పెడుతుంటే పాతినుము ధరకి కొన్నాడు,
నాలుగేళ్లు సానబట్టాడు.
ఇప్పుడు దాని తలుపులో చూసి లిప్‌స్టిక్ దిద్దుకోవచ్చు.

శనివారాలు పుచ్చకాయలు తెస్తాడు అందులో.
సెప్టెంబరులో టోలిడో మైదానానికి ఇలాంటివే నలభై వస్తాయి:
ఒకదాని ఒంటినిండా మంటలు, ఒకదానికి గబ్బిలం రెక్కలు,
ఒకదాని వెనక "తొందరేం లేదు" అని రాత.
శవపేటికలో ఐసు పోసి సోడాలు చల్లబెడతారు.
ముసలమ్మలు ముందు శిలువ వేసుకుంటారు,
తర్వాత ఫొటో అడుగుతారు.

పోయేనాటికి మోయడానికి నలుగురు మిగలాలి కదయ్యా, అంటే
నాకు ఎనిమిది సిలిండర్లున్నాయి, అంటాడు.

మార్చిలో వాళ్ల తమ్ముడు వెండెల్ పోయాడు.
బీమా కాగితాలు సరిపోలేదట,
శ్మశానం వాళ్లు బూడిదరంగు వ్యాను పంపారు,
పాలవ్యానులా ఉంది.
ఆర్లిస్ దాని వెనకే నడిపాడు, ఖాళీగా,
పట్టపగలు లైట్లు వేసుకుని.

వ్యానుని ఎవరూ పట్టించుకోలేదు.
ఎదురొచ్చిన లారీలు పక్కకి ఆగి
టోపీలు తీసింది
ఖాళీ బండికి.

సిగ్నల్ దగ్గర చూశాను,
ఒక పరదా కొక్కెం ఊడి ఊగుతోంది.
సోమవారం సూది పట్టుకెళ్లాలి.