సబ్బునీళ్ళు

యశవంతపురం మార్కెట్టు వెనక
మస్తాన్ బాయి పంక్చరు కొట్లో
రెండు వేసవులు పనిచేశాను.
నేను చూసిన మొదటి లాబొరేటరీ అదే:
ఇనపతొట్టి, తుప్పునీళ్ళు,
అతుకుముక్కల డబ్బా.

గాలి కొట్టిన ట్యూబుని నీళ్ళలో ముంచి
జానెడు జానెడే తిప్పుతుంటే
ఎక్కడో ఒకచోట
ఆవగింజంత బుడగ పైకొచ్చి
నేరం ఒప్పుకునేది.
"నిదానంగా తిప్పురా అబ్బోడా,
గాలి అబద్ధమాడదు, మనమే చూడం"
అనేవాడాయన, బీడీపొగలోంచి, హిందూపురం యాసలో.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు
నేను చేసిందీ ఇంతే.
తొట్టి మారింది.
గడ్డకట్టించే చలిలో సలసల మరిగే ఆక్సిజన్,
కన్ను ఆననంత వేగంతో తిరిగే పంపు,
వాటి మధ్య కాపలాగా
గాజంత సీలు ఒకటి.
రాత్రి రెండింటికి టార్చి వెలుగులో
కుంచెతో సబ్బునీళ్ళు పూసి
కీలు కీలునా ఊపిరి వినేవాణ్ణి.
నా చొక్కాలు కిరోసిన్ కంపని
హైమ వాటికి వేరే తీగ కట్టింది.
దేవుడి గూటి దగ్గరికి రానిచ్చేది కాదు,
అగరొత్తి వెలుగుతుంటే మరీను.

ఒక ఏడాది
మా రాకెట్టు నలభై ఒకటో సెకనులో
తల వంచి సముద్రంలోకి నడిచింది.
విచారణ కాగితాల్లో తేలిందేమంటే
ఒక వాల్వు, ఒక లీకు,
"పరిమితిలోనే ఉంది" అని ఒక వాక్యం,
దాని కింద నా సంతకం.
ఆరోజు కాంటీన్‌లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.
పీణ్య నుంచి వచ్చే లేతు మేస్త్రి పుట్టస్వామి మాత్రం
క్యారియరు విప్పి, రాగిముద్ద సగం తుంచి
నా పళ్ళెంలో పెట్టాడు.
ఏమీ అనలేదు.
అన్నా నాకు వినపడేది కాదు.

అయినా పైకే వచ్చాను. ఎలాగో నన్నడక్కండి.
ఇప్పుడు దేశమంతటి గదికి నేను పెద్ద.
కిటికీలోంచి మాఘమాసం గులాబీరంగు పూలచెట్లు,
బీరువాలో నలభై మూడు శాలువాలు.
హైమ వాటిని వాచ్‌మన్లకి పంచుతుంది.
చేతులకి కిరోసిన్ వాసన పోయింది,
సిరా వాసన కూడా లేదు,
సంతకాలన్నీ కంప్యూటరులోనే.

మొన్న ఆఖరి సమీక్ష.
నలభైమంది, నూట పన్నెండు స్లైడ్లు.
అన్నిటికీ పచ్చరంగే.
వెనక వరసలోంచి సించన అనే పిల్ల,
చేరి రెండేళ్ళు కూడా కాలేదు,
చెయ్యి సగమే ఎత్తింది.
"లీకు పరిమితిలోనే ఉంది సార్.
కానీ నిన్న లేదు."

ఎవరో నవ్వారు. స్లైడు ముందుకు పోయింది.
వెనక్కి తిప్పమన్నాను.
నిదానంగా తిప్పమన్నాను.

ప్రయోగం ఆగింది.
ఢిల్లీ నుంచి ఫోను మోగింది, మళ్ళీ మోగింది.
టీవీలు "మళ్ళీ వాయిదా" అని ఎర్రక్షరాలు పరిగెత్తించాయి.
వాల్వు విప్పితే
లోపల వెంట్రుకవాసి గీత.
అది రాకెట్టుని కూల్చేదో కాదో తెలీదు.
ఎవరికీ, ఎప్పటికీ తెలీదు.
పందొమ్మిదోరోజు ఎగిరింది. చప్పట్లు కొట్టారు.
జరగని ప్రమాదానికి
ఎవరు మాత్రం శాలువా కప్పుతారు?
నేను సించన కోసం చూశాను.
పిల్ల అప్పటికే
తర్వాతి వాల్వు దగ్గరికి వెళ్ళిపోయింది.

యశవంతపురంలో ఇప్పుడన్నీ ట్యూబులేని టైర్లు,
తొట్టితో పనిలేదు.
మస్తాన్ బాయి కొట్టు చోట
మొబైలు తొడుగులు వేలాడుతున్నాయి.

ఇవాళ ఇంట్లో గ్యాసు అయిపోయింది.
కొత్త సిలిండరు బిగించి,
గిన్నెలో సబ్బు చిలికి,
వేలితో రెగ్యులేటరు చుట్టూ రాశాను.
లైటరు పట్టుకుని నిలబడింది హైమ.
"డెలివరీ కుర్రాడు చూసే వెళ్ళాడుగా.
వెలిగించనా?"

ఆగు.
ఇంకొక్క నిమిషం.