అసలు సామాను

గుంతకల్లు, రైల్వే పాత క్వార్టర్సు, మధ్యాన్నం మూడు.
వెనక పలకకు నాలుగు స్క్రూలు.
మూడు తిరిగినాయి.
నాలుగోదానికి గాడి అరిగిపోయింది,
నాకంటే ముందు ఎవడో తొందరపడినాడు.
ధర ఆడనుంచే దిగేకి మొదలుపెడతాది.

"ఎంత చేస్తాది హుసేనయ్యా?" అంటాది డొరీనమ్మ.
ఉండమ్మా, ఇంకా ఒళ్ళు చూడల్ల.

బెంగళూరు పిల్లోడు ఫోను లైటు పట్టుకోని నిలబడినాడు.
వానికి మోడలు తెలుసు, సంవత్సరం తెలుసు.
నాకు వాసన తెలుసు.
మైనం కరిగిన వాసన వేరే, వార్నీషు మాడిన వాసన వేరే,
ఎలక ఉచ్చ పోసిన రేకుది ఇంకొకటి.
దీంట్లో మూడూ ఉండాయి.
ముందర గుడ్డలో మాత్రం
పోయిన డెరిక్ దొర సిగరెట్టు.

వాల్వుల మీద అక్షరాలు చెరిగినాయి.
తుడవొద్దు నాయనా, చెరిగిన అక్షరానికీ రేటుండాది.
గాజు లోపల వెండిపూత తెల్లబడిందంటే
గాలి చొరబడిందని, కత అయిపోయిందని.
ఇది ఇంకా వెండే.
కెపాసిటర్లు వానకు తడిసిన సెనక్కాయల మాదిరి ఉబ్బినాయి,
మార్చల్ల.
స్పీకరు అట్టను గోటితో తట్టి చెవి పెట్టినా,
సంతలో కుండ కొనేటప్పుడు తట్టినట్ల.
బీట లేదు.

పెట్టె బోర్లిస్తే
ట్రాన్స్‌ఫార్మరు కనపడింది.
పైన చుట్టిన కాగితం మీద, పెన్సిలుతో, తెలుగులో:
హు. 19-12-78.

నా రాత.

క్రిస్మస్‌కు ఆరు దినాలుండాది అప్పుడు.
అసలుది కాలిపోయింది, బొంబాయి నుంచి రావల్లంటే మూడు నెలలు.
చుట్టురా, అన్నాడు జిలాన్ సాబు.
చచ్చిన రేడియోల కడుపుల్లోంచి తీసిన తీగ,
వెంట్రుక కంటే రవంత లావు.
నూరు చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టి
ముప్పై గింజలు.
ఇరవైమూడో గింజకాడ కరెంటు పోయింది.
చేతిమర ఆపలేదు. చీకట్లో నోటితో లెక్క పెట్టుకుంటా చుట్టినా.
ఆ గింజలో నాలుగైదు చుట్లు ఎక్కువో తక్కువో
ఇప్పటికీ తెలీదు.

ఇరవై అయిదు రాత్రి ఇన్‌స్టిట్యూట్ కిటికీ బయట నిలబడినా.
వాళ్ళ పాటల పేర్లు నాకు రావు.
దొర లావు తీగ నొక్కితే కిటికీ అద్దం వణికింది,
దానికి ఆనిచ్చిన నా నొసలు వణికింది.

"అంకుల్, ఇది ఒరిజినల్ కాదు కదా."
కాదు.
"ఎవరో లోకల్‌గా చుట్టినారు."
అవు. లోకల్.
లక్షా పది అన్నోడు డెబ్బైకి దిగినాడు.
వాడు చెప్పేది బజారు మాట, అబద్ధం కాదు.
నేనైనా అంతే చెప్పల్ల.
చెప్పమనే గదా ఆయమ్మ పిలిపించింది.

"పాతది ఉండాదే!" అని డొరీనమ్మ వంటింట్లోకి పోయింది.
పిల్లి తోయకుండా
పాలగిన్నె మూత మీద పెట్టే బరువంట.
నల్లగా మాడి, జిడ్డుకట్టి,
ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మాటల్లేవు.
పిల్లోడు చొక్కా కొసతో తుడిచినాడు. కంపెనీ ముద్ర.
"తొంభై అయిదు ఇస్తానాంటీ."

నలభై ఏండ్లకు పైన పాలు కాసినందుకు
ఇరవై అయిదు వేలు.
నాకు నవ్వొచ్చింది. మీసం కింద దాచుకున్నా.

"నీ దానికెంత హుసేనయ్యా?" అనింది.
అప్పుడే ఇచ్చినాడమ్మా దొర.
పదైదు రూపాయలు, ఒక ముక్క కేకు.

కట్టేముందు సిరీసు బల్బు తగిలించి మెల్లగా స్విచ్చేసినా.
గాజులో బూడిద కింద నిప్పు మాదిరి ఎర్రపు.
గుంయ్ అని మొదలయింది.
"ఈ హమ్ తీసేపించల్ల," అన్నాడు పిల్లోడు.
తీసేపించు నాయనా.
డొరీనమ్మ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకునింది.

పలక మూసి స్క్రూలు బిగించినా.
మూడు తిరిగినాయి.
నాలుగోదాని గాడిలో కొస నిలవక జారితే
అప్పుడు గుర్తొచ్చింది,
ఆ పొద్దు తొందరపడినోడు ఎవడో.