మూడు సెకన్ల కొడుకు

అదిగో, వచ్చాడు, అంటుంది హోయో.
సీరియల్ నడిచినంతసేపూ నోరు నొక్కి ఉంచిన టీవీకి
ప్రకటన రాగానే గొంతు ఇస్తుంది.
పక్కింటి ప్రోథెరో ముసలమ్మ గోడ తడుతుంది,
మీవాడే, మీవాడే అని.
కార్డిఫ్‌లో మా మూడో అంతస్తు, కిటికీకి వాన.
తెర మీద ఎవరిదో ఎండ కాసే వంటిల్లు.
అందులో మా తమ్ముడు గులేద్
కాల్చిన కోడి మీద గ్రేవీ ఒంపుతున్నాడు.
పక్కన బంగారు జుట్టు భార్య,
ఇద్దరికీ మధ్య రంగులో ఒక పాప.
ఒకటి, రెండు, మూడు.
అయిపోయాడు.
మిగతా ఇరవయ్యేడూ గ్రేవీవి.

హోయోకి వంద అనుమానాలు.
బూట్లతో ఆ తివాచీ ఎక్కారేమిటి?
ఒక్క ముద్దైనా నోట పెట్టడేం?
మెరుపు కోసం అందులో మోటారు నూనె కలిపారని
వాడు నాకు చెప్పాడు, నేను ఆమెకు చెప్పలేదు.
ముప్పై ఒక్కసార్లు ఒంపాడట.
చివరికి ఆ పాప
కెమెరా ఆగాక కూడా నాన్నా అందట.

ఎనిమిదో నంబరు బస్సులో
నా వెనక సీట్లో ఇద్దరు:
"ఈమధ్య టీవీ నిండా వీళ్ళేనబ్బా."
ఆ రాత్రి పాత కరెంటు బిల్లు వెనక గీతలు గీశాను.
నవ్వేవాళ్ళు, గంతులేసేవాళ్ళు,
ఫోను చూసి నోరు తెరిచేవాళ్ళు,
అవును, ఉన్నాం.
ఇంటి అప్పు మంజూరు చేసే బల్లకి అవతలివాడు,
ముసలితనానికి ఇప్పుడే బీమా కట్టేవాడు...
పదకొండు దాకా మేలుకున్నాను,
ఆ గడిలో గీత పడలేదు.

అప్పుడడిగింది హోయో, టీవీని కాదు, నన్ను:
వాడికి ఆ ఇంట్లో తల్లి లేదా?
భార్య తరఫు అమ్మమ్మ ఉంది, అల్లిక సూదులతో.
తాత ఉన్నాడు. కుక్క కూడా ఉంది.
నా కొడుకు మాత్రం
ఆకాశం నుంచి ఆ కుర్చీలో ఊడిపడ్డాడా?

ఏం చెప్పను.
వాడితోపాటు నేనూ వెళ్ళాను ఆ ఎంపికకి, అక్క వేషానికి.
అట్ట పట్టుకున్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది:
మీలో ఒకరుంటే అది కుటుంబమట,
ఇద్దరుంటే అది సమస్యట.
టీ ఇచ్చి పంపింది.

ఆదివారం గులేద్ వచ్చాడు.
తడిసిన బూట్లు గుమ్మం బయటే విప్పాడు.
మేకమాంసం అన్నంలో అరటిపండు చిదిమి
చేత్తో తిన్నాడు, మాటా పలుకూ లేకుండా.
వాడి వీపు వెనక టీవీలో వాడే వచ్చి
ఒంపి, వెళ్ళిపోయాడు.
హోయో తలెత్తలేదు.
ఇంకో అరటిపండు ఒలుస్తోంది.