పీకో కొట్టుకుంట చదివినయి

చిక్కడపల్లి లైబ్రరీకి ఎదురుంగ కాదు,
రెండు సందులు అవతల నా మిషను.
కార్డు మీద ఒకసారికి రెండు పుస్తకాలే ఇస్తరు.
పెండ్లిల్ల సీజనుల ఆ రెండూ ఎక్కువే,
శూన్యమాసంల నాలుగైనా చాలయి.

ముందుగాల ఖూనీ కథ.
బంగ్లా, వాన, లోపల్నుంచి వేసిన గొళ్లెం.
మూడు జాకెట్లకు హుక్సులు కుట్టుడు మర్చిపోయిన,
అంత మంచిగుండె.
చివరి ఎనిమిది పేజీలు ఎవరో చింపుకపోయిండ్రు.
రెండు రాత్రులు నిద్ర లేదు.
ఆఖరికి నేనే తేల్చిన: కాంపౌండరు.
వాడు ఊకూకె చేతులు కడుక్కుంటడు.
పుస్తకం తిరిగి ఇయ్యంగ కమలాకర్ సారు నవ్విండు:
"కాదమ్మా, చంపింది చిన్న తమ్ముడు. ఆస్తి కోసం."
ఆస్తి కోసమా! గింతేనా?
నా కాంపౌండరే నయం.

రాజుల నవల ఆరు వందల పేజీలు.
ఏనుగులు లెక్కవెట్టి రాసిండు,
రాణి కట్టిన పట్టుకు మూడు పేరాలు.
పదివేల మంది సిపాయిలు పండుకునే డేరాలు
ఎవరు కుట్టిండ్రో ఒక్క ముక్క లేదు.
సూది అనే మాట కోసం చివరిదాంక చూసిన.
ఒక్కసారి వచ్చింది.
సూది పడితే వినపడేంత నిశ్శబ్దమట!
మా గల్లీల, ఆరు మిషన్ల నడుమ
ఒకసారి పడేసి చూడుమను.
పక్క దుకాణంల మగ్గం కుట్టే షహనాజుకు తెలుగు చదవరాదు,
కథంత నేనే చెప్తా.
"ఆ రాణికి వేరే పనే లేదా?" అని అడిగింది.
ఆరు వందల పేజీలకు అదొక్కటే ప్రశ్న.

"పొద్దుగాల అయిదింటికి లేస్తే జీవితం మారుతది" అని
కోటు వేసుకున్నాయన రాసిండు.
మాకు నల్లా నాలుగున్నరకే వస్తది, దినం తప్పి దినం.
పదహారేండ్ల సంది లేస్తనే ఉన్న సారూ,
మారింది బిందె ఒక్కటే.
కాని ఆయన్ను తీసి పారేయబుద్ది కాలే.
కాదనుడు నేర్చుకోవాలె అన్నడు ఒకకాడ.
ఆ వారమే, రేపటికే కావాలన్న ఒకామెకు
కాదన్న.
ఆమె వేరే దర్జీని చూసుకుంది.
నేను మంచిగ పండుకున్న.

అంగారకుని మీద ఊరు కట్టిన కథ నచ్చలే.
అక్కడ కూడ అద్దె పెంచుతరు.

కవిత్వం సన్నటి పుస్తకం.
చిక్కడపల్లిల మెట్రో ఎక్కితే
ఎంజీబీఎస్‌ల దిగేలోపు అయిపోతదనుకున్న.
నారాయణగూడ దాటినా అదే పేజీ.
అర్థం కాలే అని అబద్దం చెప్పను.
అయ్యింది, ఏమయ్యిందో చెప్పరాదు.
ఆ పేజీకి గుండుసూది గుచ్చి పెట్టుకున్న,
తీయకుంటనే తిరిగి ఇచ్చేసిన.
ఎవరి వేలికో తాకుతది.

ఇగ చివరిది. లైబ్రరీది కాదు,
ఐతారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇరవై రూపాయలకు తెచ్చిన.
ఊరగాయల పుస్తకం. అట్టకు నూనె మరక.
ఉసిరికాయ పక్కన నీలం సిరాతోని ఎవరో రాసుకున్నరు:
"ఉప్పు సగం. ఆయనకు బీపీ."
చింతకాయ పక్కన: "ఇంకా తగ్గించాలి."
గోంగూర పక్కన: "తిన్నారు. ఏమీ అనలేదు."
తర్వాత ఇరవై పేజీలు తెల్లగ ఉన్నయి.
నిమ్మకాయ కాడ నల్ల పెన్ను, రాత జర వంకర:
"ఇప్పుడు ఎంత వేసుకున్నా పరవాలేదు."

మిషను ఆపిన.
షహనాజుకు చెప్పిన.
ఆమె ఏమన్లే, జరీదారం పండ్లతోని తెంపింది.

నిన్న ఆ నిమ్మకాయ తొక్కే పెట్టిన.
పుస్తకంల ఉన్నంత ఉప్పు, సగం కాదు.
జర ఎక్కువే అయ్యింది.
ఆ మాట పక్కన రాద్దామని
చేతికందిన దర్జీ సుద్ద తీసిన, కాయితం మీద పడలే.
బిల్లుబుక్కు పెన్ను పట్టుకుని
ఆ నల్ల అక్షరాల కింద
ఏం రాయాల్నో తెల్వక
తారీఖేసిన.